నా ఫొటోలకు చోటు వెతికిన రోజులు

పెళ్లయి జహీరాబాద్ వచ్చినప్పుడు బట్టల పెట్టెతో పాటు ఒక పాత కెమెరా కూడా తెచ్చుకున్నాను. మెడకు తగిలించుకుని, తల వంచి పైనున్న అద్దంలోకి చూసి తీసే కెమెరా అది. మా నాన్నకు సంగారెడ్డిలో చిన్న స్టూడియో ఉండేది. చీకటిగదిలో ఆయన పక్కన నిలబడి, నీళ్లలో బొమ్మ తేలడం చూస్తూ పెరిగాను. అత్తగారింటికి బయలుదేరుతుంటే ఆయన, "చేతులు ఊరికె ఉంటె నీకు తోచదు, తీస్కపో" అని కెమెరా నా ఒళ్లో పెట్టాడు. నా సంగతి ఆయనకు బాగా తెలుసు.

మా ఆయన ట్రాక్టర్ల కార్ఖానాలో ఫిట్టర్. ఎనభైలలో మేము అద్దెకున్న ఇల్లు బజారుకు దూరంగా, ఒక గల్లీ చివర ఉండేది. ఇంటివాళ్లు అల్లం బస్తాలు దాచుకునే చిన్న గది ఒకటి ఖాళీ అయితే అడిగి తీసుకున్నాను. ఆయన డ్యూటీకి పోగానే కిటికీకి గొంగడి కట్టి, ఎర్ర బల్బు వేసుకుని ఫొటోలు కడిగేదాన్ని. ఎంత తుడిచినా ఆ గదిలో అల్లం వాసన పోలేదు. నేనిచ్చిన ఫొటోలు చేతికి తీసుకోగానే కొందరు ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వేవారు.

మొదట పక్కింటామె తన బిడ్డకు ఫొటో తీయమంది. తర్వాత తలుపు మూసి, "నాది గూడ ఒకటి తియ్యరాదు" అంది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా లేదు. బజారులో స్టూడియోలున్నాయి కానీ, పరాయి మగవాడు గడ్డం పట్టుకుని "ఇటు చూడమ్మా" అంటుంటే ఎవరు కూర్చుంటారు? మా ఇంట్లో ఆ బాధ లేదు. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. కొంగు జారినా సర్దుకోకుండా, పళ్లు కనబడేలా నవ్వుతూ కూర్చునేవారు. అలాంటి ముఖాలు నాన్న స్టూడియోలో నేనెప్పుడూ చూడలేదు.

కానీ వచ్చేవాళ్లంతా మా గల్లీవాళ్లే. రెండు మూడు నెలల్లో అందరి ఫొటోలూ అయిపోయాయి. ఫిల్ము కొనాలన్నా, కాగితం కొనాలన్నా కొత్తవాళ్లు రావాలి. దానికంటే, నా పని నలుగురూ చూడాలనే ఆరాటం నన్ను కూర్చోనిచ్చేది కాదు.

"రోడ్డు మీద షోకేసు పెట్టకపోతె ఎవలకు ఎరుకైతది?" అన్నాడు మా ఆయన ఒకరోజు అన్నం తింటూ.

"పెట్టొచ్చు. ఏం పెట్టాలె అందుల? మంచిగొచ్చినయన్ని ఆడోళ్లయే. బజార్ల పెడ్తె ఊకుంటరా?"

 అయినా ఆయన కార్ఖానాలో పారేసిన పెట్టెల చెక్కలు తెచ్చి, నున్నగా చిత్రిక పట్టి, అద్దం తలుపుతో చక్కటి షోకేసు చేశాడు. ఇక దాన్ని ఎక్కడ తగిలించాలా అని నా తిరుగుడు మొదలైంది. బట్టల దుకాణం సేటును అడిగితే తన దుకాణం చీర కట్టుకున్నవాళ్ల ఫొటోలే పెట్టాలన్నాడు. సినిమా టాకీసు వరండాలో గోడ ఖాళీగా ఉందంటే చూడబోయాను. ఆ గోడ నిండా బీడీలు ఆర్పిన నల్లమచ్చలు. దవాఖానలో నర్సమ్మ మర్యాదగానే చెప్పింది: "నొప్పులతోని వచ్చినోళ్లు ఫొటోలు ఏం చూస్తరమ్మా?"

చివరికి హైదరాబాద్, బొంబాయి బస్సులు ఆగే చోట ఒక చాయ్ హోటల్ కుదిరింది. గల్లాపెట్టె పక్క గోడ ఇస్తాననీ, ఎవరైనా ఫొటో అడిగితే తానే అమ్మి పెడతాననీ హోటల్ సేటు అన్నాడు. పగలంతా జనమే. రోడ్డు మీద అంతకంటే మంచి చోటు లేదు.

షోకేసులో చెరుకు బండ్లు, వానలో తడిసిన లారీల వరస, అల్లం తవ్విన చేను, పిల్లలు పెట్టాను. నడుమ మాత్రం ఒక ఆడమనిషి ఫొటో. రాయికోడ్ దగ్గరి ఊరి నుంచి, పెద్ద భూములున్న ఇంటి కొత్త కోడలు ఒకామె శ్రీమంతానికి ముందు చుట్టాలింటికి వచ్చి నా దగ్గర ఫొటోలు తీయించుకుంది. వాటిలో ఒకటి వెనక నుంచి తీసింది. కిటికీ వైపు తిరిగి నిలబడితే నడుము దాటిన జడ, జడ మొదట్లో బంగారు బిళ్ల, చెవి పక్క చిన్న వెలుగు. దాన్ని షోకేసులో పెట్టనా అని ఆమెను అడిగాను.

"మొఖం కనవడది గద అక్కా, పెట్టుకో. ఎవలకు తెలుస్తది?" అంది.

షోకేసు అక్కడ పెట్టినప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ హోటల్లో ఆడవాళ్లు కూర్చోరు. కూరగాయల వంకతో వెళ్లి రోడ్డు ఇవతల నిలబడి చూసేదాన్ని. ఎవరైనా చాయ్ గ్లాసుతో షోకేసు ముందు ఆగితే మెడ చాచి చూసేదాన్ని. ఏ ఫొటో చూస్తున్నాడు? నచ్చిందా? ఏమంటున్నాడు? ఒక్క మాటా వినబడదు. లారీ అడ్డం వచ్చేది. అది కదిలేలోపు ఆ మనిషి వెళ్లిపోయేవాడు. ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు మాడబెట్టేదాన్ని.

ఒకరోజు చూస్తే నడుమ ఫొటో లేదు. దాని చోట చెక్క కనబడుతోంది. సిగ్గు విడిచి హోటల్లోకి వెళ్లాను.

సేటు నన్ను చూడగానే సంతోషంగా లేచాడు. "అమ్ముడువోయిందమ్మా! బొంబాయి లారీ డ్రైవరు. చాయ్ తాక్కుంట అట్లనే చూసుకుంట కూసున్నడు. ఇగో, పైసలు పక్కకు పెట్టిన."

నేను తీసిన ఫొటోను ముక్కూమొహం తెలియని మనిషి కొనుక్కోవడం అదే మొదలు. సంతోషం రావాలి. వచ్చింది కూడా. కానీ ఇల్లు చేరేదాకా ఒకటే ఆలోచన. ఆ జడ ఇప్పుడు ఎక్కడుంది? లారీ ముందు అద్దానికి అతికించుకున్నాడా? ఎవరికి చూపిస్తున్నాడు?

ఆ వారంలోనే ఆ ఫొటోలోని కోడలి అత్తగారు మా ఇంటికి వచ్చింది. పొడుగాటి మనిషి, చేతినిండా కడియాలు. గడప లోపలికి కూడా రాలేదు.

"మా ఇంటి కోడలి జడ చాయ్ హోటల్ల పెట్టింది నువ్వేనా?"

"ఆమెను అడిగే పెట్టిన పెద్దమ్మా. మొఖం కనవడకుంట..."

"మొఖం ఎందుకు? ఆ బిళ్ల మా అత్తది. మా దిక్కు ఎవలు జూసినా గుర్తువడతరు. మా ఇంటి పాలోళ్ల పిల్లగాడు చూసొచ్చి ఊరంత చెప్పిండు. యాడున్నది ఇప్పుడు?"

ఎవరో కొనుక్కుపోయారని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని ద్వారబంధం పట్టుకుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"దాని అసలుది ఉంటదంట గద. ఇంకోటి తియ్యరాకుంట అది ఇయ్యి."

"అది మీ కోడల్ని అడిగి..."

"దాన్ని అడిగేదేందే? ఇయ్యమంటున్న!"

మా ఆయన లోపలి నుంచి, "ఇచ్చెయ్యి" అన్నాడు మెల్లగా.  నెగెటివు తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. నెగెటివులో నల్లజడ తెల్లగా కనబడుతుంది కదా.

"ఇదేంది, ముసల్దాని జడ లెక్కున్నది" అంది. కోపం కాస్త తడబడింది. తర్వాత దాన్ని కొంగు చివర ముడివేసి, వెళ్లిపోయింది.

షోకేసు ఇంటికి తెచ్చేశాను. కొన్ని వారాలు కెమెరా ముట్టలేదు. ముట్టకుండా ఉండనూ లేకపోయాను. అల్లం గదిలోకి వెళ్లి, బల్బు వేసి, ఏమీ చేయకుండా ఆర్పి వచ్చేదాన్ని. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. మా ఆయన విసిగిపోయాడు. "గిట్ల తిరుగుతుంటె నాకు అన్నం దిగుతలేదు. తీస్తె తియ్యి, లేకుంటె అమ్మెయ్యి" అన్నాడు. అమ్మెయ్యి అన్నందుకు ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి రోజుల్లోనే పండగ ముందు గాజులు వేయించుకోవడానికి బజారుకు పోయాను. గాజుల అవ్వ దుకాణం ముందు భాగంలో రిబ్బన్లు, దువ్వెనలు వేలాడుతుండేవి. వెనక పరదా, పరదా లోపల చాప పరిచిన చిన్న గది. గాజులు అక్కడే వేసేది. ఆ గదిలోకి మగవాళ్లు రారు. బిడ్డను తీసుకొచ్చిన తండ్రి కూడా పరదా బయటే నిలబడాలి.

నేను లోపలికి వెళ్లేసరికి ఆ కోడలు అక్కడ కూర్చుని ఉంది. దవాఖానకు వచ్చిందట, పెద్ద పొట్ట. నేను పరదా దగ్గరే ఆగిపోయాను.

"మీ అత్తమ్మ మస్తు బాధపడ్డది. నా వల్ల నీకు..." అని మొదలుపెట్టాను.

"కూసో అక్కా" అంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బొంబాయికి పోయిందంట గద, నిజమేనా?" అని అడిగింది.

"లారీ అటు దిక్కే పోయిందన్నడు సేటు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "నేను గీ బార్డరు కాడి చిరాగ్‌పల్లి దాటి ఎన్నడు పోలే. నా జడ పోయింది చూడు!"

గాజుల అవ్వ ఆమె చెయ్యి పిసుకుతూ అంతా విన్నది. విషయం ఏమిటని అడిగింది. చెప్పాము. అవ్వ గాజు ఎక్కించడం ఆపలేదు.

"పిచ్చి బిడ్డా, ఆడోళ్ల ఫొటోలు చాయ్ హోటల్ల ఎవలన్న పెడ్తరా? చూడవలసినోళ్లు అక్కడికొస్తరా? గీ గోడ ఖాళీగున్నది గద, గీడ పెట్టు."

నేను ఆ గోడను అప్పుడు చూశాను. ఎన్నిసార్లు ఆ చాప మీద కూర్చున్నానో! సున్నం వేసిన గోడ, ఎదురుగా పైన చిన్న వెంటిలేటరు, దాని వెలుగు సరిగ్గా గోడ మీదే పడుతోంది. గాజులు వేయించుకునే మనిషి రెండు చేతులూ అవ్వకు ఇచ్చేసి కూర్చోవాలి, కదలడానికి లేదు. కళ్లు మాత్రం ఖాళీ. ఇంతకంటే ఏం కావాలి?

"మొఖం తోటిది గూడ తీసినవ్ గద అక్కా," అంది ఆ కోడలు, "అది పెట్టు."

"మీ అత్తమ్మ?"

"ఆమె గాజులు గూడ ఈడనే. వచ్చి తనే చూస్తది" అంది.

అవ్వ ఒకే షరతు పెట్టింది. అక్కడి ఫొటో ఏదీ పరదా దాటకూడదు. కావాలన్నవాళ్లు ఎవరి ఫొటో వాళ్లే కొనుక్కోవాలి. నేను ఒప్పుకుని, ముఖాలున్న ఫొటోలన్నీ, ప్రతి ఒక్కరినీ అడిగి, ఆ గోడకు పెట్టాను. వద్దన్నవాళ్లు ఇద్దరే. అందులో ఒకామె గోడ చూశాక తనే మనసు మార్చుకుంది.

ఆ కోడలి అత్తగారు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పరదా ఎత్తుకుని వచ్చి, నన్ను చూసి ముఖం తిప్పుకుని చాప మీద కూర్చుంది. ఆమె కళ్లు గోడ మీద పడే వేళకు గాజులు పిడికిలి దగ్గర ఇరుక్కుని ఉన్నాయి. లేవబోతే అవ్వ వదల్లేదు. "కదలకు, పలుగుతయి."

గోడ మీద ఆమె కోడలు నేరుగా చూస్తూ నవ్వుతోంది. 

"ఎవలు పెట్టుమన్నరు?" అంది ఎటో చూస్తూ.

"నీ కోడలే" అంది అవ్వ.

గాజులన్నీ ఎక్కేదాకా ఆమె ఆ ఫొటోనే చూసింది. పక్కన కూర్చున్న ఆడమనిషి, "మీ కోడలా? లక్ష్మి లెక్కున్నది" అంది. అత్తగారు గాజులు సర్దుకుంది. "కొంగు సక్కగ తియ్యలే" అని నాతో అని, లేచి పోయింది. తీసేయమని మాత్రం అనలేదు.

ఆ గోడ నన్ను నిలబెట్టింది. గాజులకు వచ్చినవాళ్లు, "నాకు గూడ గట్ల తియ్యి" అని మా గల్లీ వెతుక్కుంటూ వచ్చేవారు. ఊళ్ల నుంచి తల్లీబిడ్డలు, అక్కాచెల్లెళ్లు వచ్చేవారు. అయినా నా మనసు కుదురుకోలేదు. చెరుకు బండ్లు, వాన, రోడ్డు, ఇవి పెట్టెలోనే ఉండిపోయాయి. పరదా లోపల వాటిని చూసేవారు లేరు, పరదా బయట నాకు చోటు లేదు. రోడ్డు మీద లారీ హారన్ వినబడితే చాలు, ఏదో మరిచిపోయినట్టు లేచి నిలబడేదాన్ని.

కొన్నేళ్లకు రంగుల ఫొటోల కాలం వచ్చింది. మా ఆయనే కార్ఖానాకు పోయే దారిలో రెండు గదుల దుకాణపు మడిగె చూసి, అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. నాతో ముందు చెప్పలేదు. "ఇగ నువ్వు ఊరంత తిరుగుడు బంద్. ముందటి గదిల నీ చెరుకు బండ్ల ఫొటోలు పెట్టుకో, ఎనక గదికి పరదా కట్టుకో" అన్నాడు.  ఆయన చొక్కాకు అంటిన సున్నం దులుపుతూ నిలబడ్డాను.

తెరిచిన రోజు పొద్దున్నే వెళ్లి మేకులు కొట్టడం మొదలుపెట్టాను. వాన ఫొటో తలుపుకు ఎదురుగా పెట్టాను. నచ్చలేదు. తీసి పక్కగోడకు మార్చాను. అక్కడ వెలుగు తక్కువ. మళ్లీ తీశాను. మా ఆయన తలపట్టుకుని, "ఇంక చాలు, జర కూసో" అంటుండగానే ఒక రైతు, భార్యను, ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. నలుగురికీ కలిపి ఒక ఫొటో కావాలన్నాడు. సుత్తి స్టూలు మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, వాళ్లకు కుర్చీలు వేశాను.