“ఎట్లుండావు?” అంటే

నేను ఆశా కార్యకర్తలకు సూపర్‌వైజర్‌ని. ఇవాళ కుందుర్పిలో మీటింగు అయ్యాక వాళ్లలో ఒక్కొక్కరితో విడిగా కూర్చున్నాను. పని గురించి అడగకూడదు, మనసు గురించే అడగాలని నాకు నేను పెట్టుకున్న నియమం.

ముందు వచ్చినామెను మాబున్ని అందాం. ఈ మధ్యే ఆమె చూసుకుంటున్న బాలింత చనిపోయింది. పసిబిడ్డ మిగిలింది.

“ఎట్లుండావు మాబున్నీ?” అన్నాను.

“పాప బాగుండాది మేడం. పాలు బాగా తాగుతాంది. పొద్దున పోయి చూసొచ్చినా.”

“పాప కాదు, నువ్వు.”

“నేనా? నాకేమైతాది మేడం, ఈడే ఉండా కదా!” అని నవ్వింది.

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను. ఆ నవ్వు ఆగిపోయింది.

“ఆ పాప వాళ్ల వాకిలి కాడికి పోతే కాళ్లాడవు మేడం. అయినా పోతాండా. ఎవురికీ చెప్పలే,” అంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది.

తిరిగి వస్తుంటే బస్సులో మా చెల్లెలు ఫోన్ చేసింది.

“ఎట్లుండావక్కా?”

“ఈ పొద్దు ఒకామె మనసు విప్పి మాట్లాడింది లే,” అన్నాను.

నేనూ అంతే, నవ్వితే నవ్వండి. కానీ మీరెలా ఉన్నారో కింద రాయండి. ఇంట్లోవాళ్ల సంగతి కాదు, మీ సంగతి.