గడపకు ఇవతలి కరెంటు

మా అక్క జయలక్ష్మి ఇక లేదన్న కబురు వచ్చేసరికి నేను చూలైలోని వైర్ల దుకాణంలో ఆమె కొత్త ఇంటికే తీగ కొలిపిస్తున్నాను. "ఎన్ని అడుగులు సార్?" అని దుకాణదారు రెండుసార్లు అడిగాడు. నేను కట్టిన లెక్కే. అయినా అంకె నోటికి రాలేదు. ముందురోజు సాయంత్రం ఫోనులో నాతో వాదించిన మనిషి పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయిందంటే బుద్ధి అంగీకరించలేదు.

కోడంబాక్కం స్టూడియోలలో వేషాలు కుట్టేవారందరికీ ఆమె సుపరిచితురాలు. కుట్టు లోపల ఎప్పుడూ కాస్త ఎక్కువ గుడ్డ వదిలేది. ఒకసారి షూటింగు మధ్యలో ఆగి మళ్ళీ మొదలయ్యేసరికి నాయకుడు బాగా ఒళ్ళు చేశాడట. తక్కినవారి కోట్లన్నీ మూలకు పోయాయి; అక్క కుట్టినది మాత్రం కుట్టు విప్పి వదులు చేస్తే సరిపోయింది. "ఈపొద్దు కొలతకు కుడితే ఈపొద్దుకే సరిపోతాదిరా" అనేది. ఆ మాట ఆమె వృత్తిధర్మమే కాదు, జీవితధర్మం కూడా.

వితంతువైన తరువాత ఆ కష్టార్జితంతోనే ఇరుకైన పొడుగాటి స్థలంలో ఇల్లు మొదలుపెట్టింది. దాని వెనక ఉన్న తొందర కోడలు కస్తూరి కోసం. కస్తూరి వాయిదాల మీద తీసుకున్న ఎలక్ట్రిక్ ఆటో నడుపుతుంది. వాళ్ళున్న అద్దె వాటాలో ఇంటాయన ఛార్జింగుకు ఒప్పుకోడు. దూరంగా ఉన్న కేంద్రానికి పోయి వరుసలో నిలబడి వచ్చేసరికి బడిపిల్లల సవారీలు, ఆఫీసు సవారీలు చేజారిపోయేవి. సొంత ఇంట్లో పాయింటు రాకపోతే ఆ ఆటో ఆమెకు నిలవదు. ఈ సంగతి అక్క ఒక్కరోజు కూడా మరవలేదు.

నేను ఇంజనీరును కాను. పాత పుస్తకాలు, తీగల పెట్టెల మీది పట్టికలు చూసి లోడు లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. అక్క ఇంటికి నేను వేసిన నమూనాలో ఛార్జింగు స్విచ్చి హాల్లోని బోర్డులో ఉంటుంది, ప్లగ్గు ముందుగోడకు బయట ఉంటుంది. తీగ పద్దెనిమిది అడుగులు. అందులో తప్పు లేదు.

ద్వారబంధం నిలబెట్టి గడపకు పూజ చేసిన రోజున మా బావ పెద్దన్న గోవిందస్వామి పెద్దరికం వహించాడు. శాస్త్రం, ఆచారం విషయంలో మా అందరికీ ఆయన మాటే ప్రమాణం. హారతి కళ్ళకద్దుకుంటూ అక్క ఆయన్ని అడిగింది.

"బావగారూ, ఇల్లంటే యాడినుంచి లెక్క? గేటు కాణ్ణించా, గడప కాణ్ణించా?"

"గడప కాణ్ణించే. ఇవతలంతా ఉత్త నేలే గదమ్మా. గేటుకు ఎవరన్నా పూజ చేస్తారా?"

"నాకేం తెల్సు, మీరు చేయిస్తే చేస్తా" అంది. అందరం నవ్వాం.

మర్నాడే నాకు ఫోను చేసింది.

"ఒరే, ఆ పాయింటు గేటు స్తంభానికి పెట్టు. స్విచ్చి గూడా ఆడే ఉండాల. తలుపు తెరిచే పని ఉండకూడదు."

"మీటరు కాడినుంచి యాభై అడుగులౌతుందక్కా. పొడుగైతే ఓల్టేజి తగ్గుతుంది. వాన గూడా పడుతుంది."

"వానకు మూతుండే డబ్బా పెట్టు. వీధిలో నీళ్ళు నిలిచినా అందనంత ఎత్తులో పెట్టు. లెక్క నీది, చోటు నాది."

"కారణమన్నా చెప్పు."

"సుమ్మా, ఊరికే పెట్రా. అన్నిటికీ కారణం చెప్పాల్నా?"

లెక్క వేసి చూస్తే తగ్గేది రెండు ఓల్టులే. నా అభ్యంతరం నిలవలేదు. బయటి గోడలోని మీటరు పెట్టె నుంచి గేటు దాకా నేలలో పైపు వేయించాను. ఆటోకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ చాలంటే, ఆరు వెయ్యమంది. పైపు ఇంకా వెడల్పుదే కావాలంది. ఇల్లు పూర్తికావచ్చాక, ఆమె చివరి సాయంత్రం మేము వాదించుకున్నది ఆ తీగ లావు గురించే.

పెద్దకర్మ ముగిశాక అందరం కొత్త ఇంటి ముందు చేరితే, గోవిందస్వామి బావ తన సహజ గాంభీర్యంతో చెప్పాడు: "కొడుక్కి ఏటిసూతకం. ఏడాది దాకా గృహప్రవేశం లేదు. ఇంటికి తాళం వేయండి."

కస్తూరి మెల్లగా, "అయితే బండి తిరిగిచ్చేస్తాలే పెద్దమామా. ఏడాది ఎట్టా తోల్తాను?" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చని గడప పూజకు ముందే అక్కకు తేటతెల్లంగా చెప్పానని డాక్టరు అంత్యక్రియల రోజున మాతో అన్నాడు. తాను పోతే ఇల్లు ఏడాది మూతపడుతుందని ఆమెకు తెలుసు. ఆచారాన్ని కాదనలేదు. దాని హద్దు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దానికి ఇవతల చోటు ఎంచుకుంది.

నేను టేపు తీసి గడప నుంచి స్తంభం దాకా కొలిచాను. "నలభై రెండు అడుగులు, బావా. మీటరు బయటి గోడలోనే ఉంది. గడప దాటే తీగ ఒక్క అంగుళం లేదు. గేటు ఇల్లు కాదని నువ్వే గదా చెప్పింది?"

ఆయన గేటు దాకా నడిచి వచ్చి, ఖాళీ డబ్బా మూత ఎత్తి లోపలికి చూశాడు.

"ఆపొద్దు నన్నడిగింది దీనికేనా? నాతోనే చెప్పించి పెట్టుకుంది చూడు" అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఏం చూస్తా నిలబడినావు? లాగు తీగ" అని కొస తనే పట్టుకున్నాడు.

అక్క చెప్పినట్టే ఆరు తీగ లాగాం. ఎర్తింగుకు వేరే గుంత తీయించాను. లీకేజీ వస్తే కరెంటు ఆపే బ్రేకరును మూడుసార్లు పరీక్షించాకే కస్తూరి చేతికి డబ్బా తాళంచెవి ఇచ్చాను. ఇప్పుడు ఆమె ఆటో తాళం వేసిన ఇంటి గేటు దగ్గర ఛార్జి అయి, మొదటి బడిగంటకు ముందే కదులుతోంది.

నాకు లెక్క అప్పగించి చోటు చూపించే మనిషి ఇక లేదు. ఆ లోటు ఏ కొలతకూ అందదు. ఇకపై ఏ ఇంటికి తీగ గీసినా, తలుపు మూసి ఉన్ననాడు అది ఎవరికి అందాలో ముందు అడుగుతాను. ఆమెకు నేను చేయగల నమస్కారం అదొక్కటే. గేటు దాకా పోయిన ఆ పైపులో ఇంకొక తీగకు చోటు మిగిలింది. అది మా అక్క లోపల వదిలిన గుడ్డ.