గంట నోరు నొక్కిన హేతువాది

కారు కొనేటప్పుడు అది ఎంత వేగంగా పోతుందని అడిగారు సరే, ఎంత దూరంలో ఆగుతుందని మీలో ఎంతమంది అడిగారు? నేను అడగలేదు. అందుకు దిల్‌సుఖ్‌నగర్‌లో నిండు సభలో నా పరువు ఎలా మంటగలిసిందో చెబుతాను. నవ్వుకోండి, కాస్త మర్యాదగా.

అప్పట్లో నేను మూఢనమ్మకాల మీద కత్తికట్టిన మనిషిని. ఎవరి బండికి నిమ్మకాయ వేలాడినా ఆపి రుజువు అడిగేవాణ్ణి. అలాంటి నేను ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. చూడటానికి చిన్నదే, ఆక్సిలరేటర్ మీద కాలు పెడితే మాత్రం తాడు తెంపుకున్న కోడెదూడ. కర్మన్‌ఘాట్ గుడికి పోయి పూజ చేయిద్దామంది నా భార్య సుజాత. "రుజువేది?" అన్నాను. ఆమె పోచంపల్లి నేతింటి పిల్ల. చిక్కుపడ్డ నూలును చూసినట్టు నన్ను ఓపిగ్గా చూసింది.

కారుతో నాకు ఒక్కటే తగాదా. బెల్టు పెట్టకపోతే గంట మోగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎనభై దాటితే గంట. నూట ఇరవై దాటితే ఆగని గంట. వెంటనే ఒక సిద్ధాంతం అల్లాను. నాకు సిద్ధాంతం అల్లడానికి టీ చల్లారేంత సేపు చాలు. కంపెనీవాడు స్వేచ్ఛాజీవిని తయారుచేస్తే చట్టం వచ్చి దాని మెడలో గంట కట్టిందట. దీని మీద ఒక వ్యాసం కూడా రాశాను. అచ్చయింది కూడా. దయచేసి వెతకకండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో కారు సామాన్ల దుకాణానికి పోయి మొరపెట్టుకున్నాను. దుకాణదారు బెల్టు కొక్కెంలాంటి ఇనప బిళ్ళలు రెండు చేతిలో పెట్టాడు.

"గివి బకిల్‌ల గుచ్చుర్రి సార్. బెల్టు పెట్టుకున్నరనుకొని బండి సప్పుడు చెయ్యది."

గుచ్చాను. నిశ్శబ్దం. ఒక సామ్రాజ్యాన్ని కూల్చినంత సంబరపడ్డాను. సుజాత వచ్చి గిదేందని అడిగింది. గంట మోగకుండా అన్నాను.

"నిమ్మకాయ వద్దంటిరి. మరి గిది మీ తాయెత్తా?"

నాకు వినబడలేదు. కావాలనే.

ఆ ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో చర్చాసభ. అంశం: వాహనపూజ అవసరమా? అక్కర్లేదని వాదించేవాణ్ణి నేను. నాకు వాదన నేర్పిన నర్సింహ మాస్టారిని ఎల్బీనగర్‌లో ఎక్కించుకున్నాను. డెబ్బై దాటిన మనిషి. తుంటి ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని అప్పుడప్పుడే నడుస్తున్నారు. ఇంకో దెబ్బ తగిలితే ఇక మంచమేనని డాక్టర్లు చెప్పారు. వెనక సీట్లో సుజాత బెల్టు పెట్టుకుంది. ముందు సీట్లో మాస్టారు బెల్టు లాగి చూస్తే, అది పెట్టాల్సిన చోట నా బిళ్ళ ఉంది.

"అవసరం లేదు మాస్టారూ, గంట మోగదు" అన్నాను.

"మోగది సరే. బెల్టు అవసరం లేదన్నది నువ్వు. అన్నోడే రుజువు చూపాలె గద బిడ్డా. చూపు."

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠమే అది. నేను కొత్తపేట దాకా రుజువు వెతుకుతూనే ఉన్నాను. ఆయన నాకోసం ఆగలేదు. బిళ్ళ పీకి జేబులో వేసుకుని, బెల్టు బిగించుకుని, నన్నూ పెట్టుకోమన్నారు. సిద్ధాంతం కోసం పెట్టుకోనన్నాను.

చైతన్యపురి దగ్గర రోడ్డు కాస్త ఖాళీగా దొరికింది. మాస్టారికి బండి సత్తా చూపిద్దామని తొక్కాను. మెట్రో స్తంభం పక్కన ఎవరో ఆటో కోసం చెయ్యెత్తారు. ముందున్న షేర్ ఆటో నడిరోడ్డు మీదే ఆగిపోయింది. బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. కాలి కింద అది టకటకమని అదిరింది. కారు జారకుండా, అడ్డం తిరగకుండా, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. మాస్టారు బెల్టులో, మూటగట్టిన బియ్యంలా భద్రంగా ఉన్నారు. కారు ఆగింది కాని నేను ఆగలేదు. నా నుదురు వెళ్ళి స్టీరింగును గట్టిగా పలకరించింది.

తప్పు తనదే అయినా ఆటో అతను దిగొచ్చి నన్ను జాలిగా చూశాడు. "కొత్త బండా సార్? పూజ చేయించనట్టున్నరు."

నెత్తురు కారుతుంటే సుజాత సంచిలోంచి పొట్లం తీసి పసుపు అద్దింది. నాకు తెలియకుండా కర్మన్‌ఘాట్ పోదామని దాచుకున్న పొట్లం అది. అప్పటికే ఆలస్యమైంది. అద్దం చూసుకోకుండా వేదిక ఎక్కాను.

వాహనపూజ మూఢత్వమని గర్జించాను. సభ నవ్వింది. ఇంకా గట్టిగా గర్జించాను. ఇంకా గట్టిగా నవ్వింది. నా ప్రత్యర్థి, బస్సు డిపోలో రిటైరైన పెద్దమనిషి, నెమ్మదిగా మైకు అందుకున్నాడు.

"నేను మాట్లాడేదేం లేదు. సార్ నొసలు చూడుర్రి. పూజ చేయించుకొనే వచ్చిండు."

నుదురు తడుముకున్నాను. పసుపు మధ్యలో ఎర్రగా, గుండ్రంగా, ఏ పూజారీ దిద్దలేనంత చక్కటి బొట్టు.

ఓడిపోయాను. మొదటి వరసలో మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించి అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. ఒక్క ఎముకా కదలకుండా కూర్చుని నవ్వుతున్న ఆ మనిషిని చూస్తే ఓటమి చేదనిపించలేదు. కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత బుద్ధిగా కూర్చుని నా కారు గురించి చదివాను. పొగకు చట్టం హద్దు పెడితే, ఇంజనీర్లు చిన్న ఇంజనుకే టర్బో తగిలించి బలం రాబట్టారు. మోతకు హద్దు పెడితే సైలెన్సర్‌ను కొత్తగా మలిచారు. అంత బలం ఇచ్చినవాళ్ళే, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేకు పెట్టారు, గంటా పెట్టారు. వేగం ఇచ్చిన చేతులే మమ్మల్ని ఇంటికి చేర్చే పూచీ కూడా తీసుకున్నాయి. ముఖం తెలియని ఆ ఇంజనీర్లకు, ఆ నిబంధనలు రాసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాను. హేతువాదినే, అయినా పెట్టాను. ఈసారి రుజువుంది.

కనుక నుదుటి మచ్చ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక జన్మలో ఏ గంట నోరూ నొక్కను, అద్దం చూసుకోకుండా ఏ వేదికా ఎక్కను.

మీరు ప్రతిజ్ఞలు చేయనక్కర్లేదు. లేచి మీ కారు దగ్గరకు నడవండి. బకిల్‌లో అలాంటి బిళ్ళ ఉంటే ఇప్పుడే పీకి పారేయండి.