ఎవరూ పిలవని చోటు

సోమవారం నాడు నాలుగు విహార ఓడలు వచ్చాయి. నాలుగు ఓడలు ఒకేసారి రేవుకు చేరిన రోజున మెక్సికోలోని కొసుమెల్ దీవిలో పొద్దుటి నుంచే అందరికీ చిరాకు. టాక్సీవాళ్లు, బోటువాళ్లు, వంటగదుల్లో రొయ్యలు ఒలిచేవాళ్లు, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూనే పనిలోకి దిగుతారు. నెల్సీ కావిచ్ మాత్రం విసుక్కోవడం కూడా మానేసింది. దానికీ ఓపిక కావాలి కదా.

ఆమెకు యాభై మూడేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే రిసార్ట్‌లో, అదే ఇసుక మీద పని. ఓడ దిగి ఒక్క పూట గడపడానికి వచ్చినవాళ్ల మణికట్టుకు ఆమె నీలం పట్టీ కడుతుంది. పట్టీ ఉన్నవాళ్లు మూడున్నర దాకా తిన్నంత తినొచ్చు, తాగినంత తాగొచ్చు. మూడు కాగానే ఆమె ఇసుకంతా తిరుగుతూ నిద్రపోయినవాళ్లను, తాగి సోలిపోయినవాళ్లను, భార్యతో పోట్లాడి మూతి ముడుచుకుని పడుకున్నవాళ్లను లేపి వ్యాన్ ఎక్కించాలి. ఈ పనిలో ఆమెకు సాటి లేరు. భుజం మీద రెండు వేళ్లు ఆనించి, "ఓడ వెళ్లిపోతుంది, లేవండి" అని మెల్లగా అంటే ఎంత మొండివాడైనా కళ్లు నులుముకుంటూ లేచేవాడు. ఆ ఒక్క ముక్కా ఆమెకు ఏడు భాషల్లో వచ్చు. ఆ ఏడింటిలో చాలావాటిలో ఇంకో ముక్క రాదు.

పుట్టింది సముద్రం కనిపించని ఊళ్లో, మొక్కజొన్న చేల మధ్య. ఇంట్లో మాయా తెగవాళ్ల భాషే. పంతొమ్మిదో ఏట దీవికి వచ్చి హోటల్ గదులు తుడిచింది. పడవ ఇంజన్లు బాగుచేసే రూసెల్‌ను పెళ్లాడింది. ఇద్దరు పిల్లల్ని పెంచింది. వాళ్లు ఒక దారికి వచ్చారనుకునేసరికి చెల్లెలు పోయి, చెల్లెలి పిల్లలు ముగ్గురూ ఆమె చేతికి వచ్చారు. వాళ్లనీ పెంచింది. ఆరేళ్ల కిందట రూసెల్ గుండె ఆగి పోయాడు. ఇప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే. "హాయిగా ఉన్నావు, ఇక నీకు పనేముంది" అంటారు ఇరుగుపొరుగు. ఆమె అవునంటుంది. ఇల్లు చేరాక మాత్రం చెప్పులు విప్పడానికి కూడా వంగలేక, అలాగే గడప మీద కాసేపు కూర్చుంటుంది.

ఆ సోమవారం పదకొండు గంటల వేళ ఆమెకు ఒక ముసలామె కనిపించింది. డెబ్బై దాటి ఉంటాయి. పువ్వుల గౌను, తెల్ల కాన్వాసు బూట్లు. తాటాకు గొడుగు కింద వరసగా ఆరు పడక కుర్చీలు. ఐదింటి మీద సంచులు, తడి బట్టలు, ఫోన్లు, నల్ల కళ్లద్దాలు. ఆరో కుర్చీ అంచున ఆమె, ఒళ్లో ఇంకో సంచి పెట్టుకుని. గొడుగు నీడ ఎప్పుడో జరిగిపోయింది. ఆమె మొహం మీద ఎండ నేరుగా పడుతోంది.

పన్నెండున్నరకు మళ్లీ అటు వెళ్లినప్పుడు కూడా ఆమె అక్కడే, అదే సంచితో ఉంది. ఇప్పుడు కాళ్ల దగ్గర కవల పిల్లలిద్దరు ఒకడి నెత్తిన ఒకడు ఇసుక పోసుకుంటున్నారు. నాలుగేళ్లుంటాయి.

"ఏమైనా తిన్నారా సెన్యోరా?" అని నెల్సీ స్పానిష్‌లో అడిగింది.

ముసలామె ఉలిక్కిపడింది. "తింటాను తల్లీ. వాళ్లు రానీ. ఇవన్నీ వదిలేసి ఎలా వెళ్తాను?"

"మీవాళ్లెక్కడ?"

"మా అల్లుడు నీళ్ల మీద నడిపే బండి ఎక్కాడు. మా అమ్మాయి అదిగో, కొలను మధ్యలో బారు ఉంది చూడు, అక్కడ." ఆమె చెప్పిన తీరులో నిష్ఠూరం లేదు. బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పినట్టు చెప్పింది.

పేరు ఎర్లిందా. టెక్సస్‌లోని లరేదో ఊరు. ముప్ఫై ఏళ్లు బడి వంటశాలలో వండింది. కూతురు మారిసెలా ఓడ టికెట్టు కొని, "అమ్మా, నువ్వూ రా, విశ్రాంతిగా ఉంటుంది" అంది. ఓడ ఎక్కిన రోజు నుంచి ఈ కవల మనవలు ఆమె గదిలోనే. ఒకడు అర్ధరాత్రి లేచి పాలడుగుతాడు, రెండోవాడు తెల్లవారకుండానే లేచి ఆటకు రమ్మంటాడు.

నెల్సీ గొడుగును ఈడ్చి నీడ ఆమె మీదకు జరిపి వెళ్లిపోయింది. అంతటితో ఊరుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఒంటిగంటకు మారిసెలా వచ్చి పిల్లల్ని చిన్న కొలనుకు తీసుకెళ్లింది. ఎర్లిందా ఒళ్లో సంచి కుర్చీ మీద వదిలేసి లేచి, నడుము పట్టుకుని, నెమ్మదిగా నెల్సీ దగ్గరికి నడిచి వచ్చింది.

"బాత్రూమ్ ఎటమ్మా?"

నెల్సీ చెయ్యి చూపించింది. ఆమె కదల్లేదు. గొంతు తగ్గించి అంది:

"నాకు బాత్రూమ్ అక్కర్లేదు. ఎవరూ నన్ను పిలవని చోటు ఎక్కడైనా ఉందా? ఒక్క గంట చాలు."

నెల్సీ ఆమె మొహంలోకి చూసింది. కళ్ల కింద చర్మం వేలాడుతోంది. పెదవులు ఎండకు పగిలాయి. చెల్లెలి చిన్న కొడుకు పుట్టెడు జ్వరంతో ఉన్న వారం, మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లి, గోడకు తల ఆనించి నిలబడే నిద్రపోయింది తను. అప్పుడు తనను ఎవరూ చూడలేదు.

"నాతో రండి" అంది.

లాండ్రీ పక్కన పచ్చ తలుపు ఉంది. పనివాళ్లు తప్ప ఎవరూ దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. ఇరవై రెండేళ్లలో నెల్సీ ఏ అతిథినీ ఆ తలుపు దాటించలేదు. లోపల పనివాళ్ల భోజనాల రేకుల షెడ్డు. సోమవారం కాబట్టి, ఆ వైపు వాడుక ప్రకారం, నల్ల చిక్కుడు గింజలతో వండిన పంది మాంసం ఉంది. ఎర్లిందా ఆ వాసనకే ఆగిపోయింది. నెల్సీ ఒక గిన్నెలో వడ్డించి, ముల్లంగి తరుగు వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. ముసలామె నిలబడే తినబోయింది.

"కూర్చోండమ్మా. ఇక్కడ ఎవరి సంచులూ లేవు."

ఎర్లిందా ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వగానే కళ్లు తుడుచుకుంది. గిన్నె ఖాళీ చేసి, మిగిలిన రసం మొక్కజొన్న రొట్టెతో అద్దుకుని తినేసింది. షెడ్డు వెనక రెండు స్తంభాల మధ్య పనివాళ్లు మధ్యాహ్నం నడుము వాల్చే వల ఉయ్యాల ఉంది. అందులోకి ఎక్కించి, బూట్లు విప్పి పక్కన పెట్టింది నెల్సీ.

"రెండింటికి లేపుతాను."

"సరే తల్లీ" అన్న మాట పూర్తిగా రాకముందే ఆమె నిద్రలోకి జారిపోయింది.

కాసేపటికే మేనేజర్ పెనీచే కేకేశాడు. వేరే ఓడలో వచ్చిన ఒక పెద్దాయనకు వడదెబ్బ తగిలింది. రేవులోని డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి. "నువ్వే వెళ్లు నెల్సీ, నువ్వైతే ఆయన గోల చెయ్యడు." రేవు దారంతా టాక్సీలతో కిక్కిరిసి ఉంది. డాక్టరు దగ్గర వరస ఉంది. పెద్దాయన ఆమె చెయ్యి వదల్లేదు. రెండు కావడం ఆమె గోడ గడియారంలో చూసింది. లాండ్రీలో ఎవరికైనా ఫోను చేసి 'ఆమెను లేపండి' అనొచ్చు. ఫోను తీసింది కూడా. మళ్లీ జేబులో పెట్టేసింది. పోనీలే, ఇంకాసేపు పడుకోనీ అనుకుంది. తరవాత చాలా రోజులు ఆమె మనసులో తిరిగింది ఈ ముక్కే.

మూడింటికి పది నిమిషాల ముందు రిసార్ట్ గేటు దగ్గర వ్యాన్ దిగేసరికి పాటలు ఆగిపోయి ఉన్నాయి. ఇసుక మీద జనం బారులు తీరి సముద్రం వైపు చూస్తున్నారు. నీళ్లలో మనుషులు చేయీ చేయీ పట్టుకుని, ఒడ్డు నుంచి గుండెల లోతు దాకా గొలుసుకట్టుగా నిలబడి, ఒక్కో అడుగూ జరుగుతూ కాళ్లతో అడుగున ఇసుక తడుముతున్నారు. ఆప్రాన్లతోనే వంటవాళ్లు, బారు కుర్రాళ్లు, తోటమాలి. వాళ్లకు అవతల లైఫ్‌గార్డ్ విల్బెర్ మునుగుతున్నాడు, తేలుతున్నాడు, మళ్లీ మునుగుతున్నాడు. ఒడ్డున మారిసెలా మోకాళ్ల మీద పడి "అమ్మా! అమ్మా!" అని అరుస్తోంది.

నెల్సీ ఆ మరుక్షణం పరిగెత్తింది. పరిగెత్తి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలీదు. పెనీచే దగ్గరికి వెళ్లి చొక్కా పట్టుకుంది.

"ఆమె నీళ్లలో లేదు. వెనక ఉంది. పడుకుని ఉంది. నేనే తీసుకెళ్లాను."

పెనీచే ఈల తీసి మూడుసార్లు ఊదాడు.

ఎర్లిందాను లేపింది నెల్సీయే. ఆమె బూట్లు కూడా తొడుక్కోకుండా, చెంప మీద వల గుర్తులతో పచ్చ తలుపు దాటి వచ్చింది. కూతురు వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఊపిరాడనంత ఏడ్చింది. ఏడుపు తగ్గగానే నెల్సీ మీదకు తిరిగింది.

"ఎవరు నువ్వు? మా అమ్మను దాచిపెట్టడానికి నువ్వెవరు? ఆమెకేమైనా అయి ఉంటే?"

"తప్పే సెన్యోరా" అంది నెల్సీ.

"తప్పా? నలభై నిమిషాలు! నలభై నిమిషాలు మా అమ్మ చచ్చిపోయిందనుకున్నాను!"

"ఆపవే" అంది ఎర్లిందా. గట్టిగా కూడా అనలేదు. "నేనే అడిగాను. బతిమాలి అడిగాను. ఆమె నాకు అన్నం పెట్టి పడుకోబెట్టింది. ఈ ప్రయాణం మొత్తంలో నేను నిద్రపోయింది ఈ పూటే."

"నాకు చెప్పొచ్చు కదా అమ్మా!"

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను. నువ్వు 'సరే అమ్మా, ఒక్క నిమిషం' అన్నావు."

అల్లుడు సంచులు భుజాలకు తగిలించుకుని, ఓడకు వేళయిందని గొణిగాడు. కవలలు అమ్మమ్మ గౌను పట్టుకుని లాగుతున్నారు. ఎర్లిందా వెళ్లే ముందు నెల్సీ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "నా వల్ల నీకు మాట వచ్చింది, ఏమనుకోకు తల్లీ" అంది. వ్యాన్ ఎక్కేటప్పుడు చూస్తే ఒళ్లో సంచి పెట్టుకోలేదు. కూతురే పెట్టుకుంది. ఎన్నాళ్లు పెట్టుకుందో ఎవరికి తెలుసు.

ఆఫీసులో పెనీచే కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. మెరిదా నగరం నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు.

"రేవు నుంచి పడవ పిలిపించాను నెల్సీ. నాలుగొందల మంది చూశారు. పైవాళ్లకు నేనేం చెప్పను? అసలెందుకు చేశావు?"

"ఆమె అలిసిపోయింది సార్."

"అందరం అలిసిపోయాం" అన్నాడు పెనీచే. నిజంగానే ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇసుక మీద నుంచి తీసేస్తున్నాను. రేపటి నుంచి లాండ్రీ. అంతకంటే తగ్గించలేను."

ఆమె సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

ఇంటికి వెళ్లే పనివాళ్ల బస్సులో ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. వంటవాళ్ల ప్యాంట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. చివరికి విల్బెర్ వచ్చి కూలబడ్డాడు. ఇరవై ఆరేళ్లవాడు. కిందటేడు ఒక ఈతగాడిని బయటికి లాగాడు కానీ బతికించలేకపోయాడు.

"అడుగున ఏదో కనిపించింది పిన్నీ" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "పువ్వుల గుడ్డలా ఉంది. ఆమే అనుకున్నాను. పట్టుకోబోతే నాచు."

నెల్సీకి మారిసెలా అరిచినప్పుడూ, పెనీచే కాగితం ముందుకు తోసినప్పుడూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"తిట్టు విల్బెర్. నాలుగు మాటలు అను."

"ఇవాళ ఓపిక లేదు. రేపు తిడతాను."

మర్నాడు నిజంగానే తిట్టాడు. లాండ్రీ గుమ్మంలో నిలబడి, "నాతో ఒక్క మాట చెప్పి వెళ్లలేవా? నోట్లో నాలుక లేదా నీకు? వెనక ముసలామె పడుకుంది, చూస్తూ ఉండు అంటే నీ సొమ్మేం పోయేది?" అని అందరూ వినేలా దులిపేశాడు. ఆమె తువ్వాళ్లు మడతపెడుతూ విన్నది. అతను అరిచి అరిచి ఆగాక నీళ్లిచ్చింది. తాగి వెళ్లాడు. ఆ తరవాత ఇద్దరి మధ్యా మామూలుగానే మాటలు సాగాయి.

లాండ్రీలో ఎండ లేదు కానీ ఆవిరి ఉంది. కాళ్ల నొప్పి తగ్గి చేతుల నొప్పి మొదలైంది. ఐదు నెలలు అలా గడిచాయి. ఆమె స్థానంలో వేసిన అమ్మాయి నిద్రపోతున్నవాళ్ల చెవి దగ్గర ఈల ఊదేది. ఫిర్యాదులు వచ్చాయి. ఒకరోజు ఇద్దరు నిద్రలోనే ఉండిపోయి ఓడ తప్పిపోయారు. పెనీచే లాండ్రీకి వచ్చి, గోడకేసి చూస్తూ, "రేపటి నుంచి మళ్లీ ఇసుక మీదకు రా" అన్నాడు.

వెళ్లింది. సంతోషం వేయలేదు, బాధా వేయలేదు. మర్నాడు మూడు ఓడలు. పట్టీలు కట్టింది, గొడుగులు జరిపింది. మధ్యాహ్నం రెండు దాటాక ఒక ముసలాయన రెండు కుటుంబాల చెప్పులకు కాపలా కాస్తూ కూర్చుని తూగుతున్నాడు. ఆమె పళ్లెంలో అన్నం, కోడికూర పెట్టి తెచ్చి ఆయన పక్కన ఉంచింది. తువ్వాలు మడిచి తల కింద పెట్టింది. తరవాత లైఫ్‌గార్డ్ కుర్చీ కిందకు నడిచి వెళ్లి, "విల్బెర్, ఆ మూడో గొడుగు కింద ఒకాయన పడుకున్నాడు. అక్కడే ఉంటాడు. ఆయనవాళ్లకూ చెబుతున్నాను" అంది.

"చూస్తున్నాను పిన్నీ" అన్నాడు అతను కళ్లు నీళ్ల మీద నుంచి తిప్పకుండానే.

ఆమె చెప్పులు విదిలించి ఇసుక దులుపుకుని, ముసలాయనకు చెప్పులు అప్పగించినవాళ్లను వెతుక్కుంటూ బారు వైపు నడిచింది.