మద్దెల నిజంగానే ఓడు

ఒకప్పుడు నాకు మేక్ అంటే ఇష్టం. ఇప్పుడు ఆ పేరు వింటే ఒళ్లు మండుతుంది. పాపం, దాని తప్పేమీ లేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. మంట కూడా అందుకే.

తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే దారిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్లు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశాను. నేను చదివింది ఎంసీఏ. పాఠం చెప్పేది నేనే, రికార్డులు దిద్దేది నేనే, పిల్లలు విడిచిన చెప్పులు వరసగా పెట్టించేది కూడా నేనే. హోదా మాత్రం అసిస్టెంటు. "వచ్చే ఏడు నిన్ను లెక్చరర్‌గా తీసుకుంటామమ్మా" అని మా హెచ్‌ఓడీ సారు ప్రతి జూన్‌లోనూ అనేవాడు. ఆశ ఉన్న మనిషి చేత ఎంత గడ్డి అయినా కరిపించవచ్చని ఆయనకు తెలుసు.

మేక్ అంటే తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. ప్రోగ్రాం పెద్దదైతే నాలుగైదు ఫైళ్లుగా విడదీసి రాస్తారు. ఒక్కోదాన్నీ కంపైల్ చేసి, అంటే మెషీను భాషలోకి మార్చి, అన్నిటినీ కలిపితే నడిచే ప్రోగ్రాం తయారవుతుంది. ఎక్కడ ఒక అక్షరం మార్చినా ఆ తతంగమంతా మళ్లీ చేయాలి. ఆ చాకిరీ తప్పించడానికి వచ్చిందే మేక్. ఏది దేనితో తయారవుతుందో ఒక చిన్న ఫైల్లో రాసిపెట్టి, ఆ తర్వాత 'మేక్' అని ఒక్క మాట కొడితే చాలు. ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూసుకుంటుంది. తయారైన ప్రోగ్రాం కంటే కొత్తగా ఉన్నదాన్నే మళ్లీ కంపైల్ చేస్తుంది. మిగతావి ముట్టుకోదు. ఫైలు లోపల ఏముందో దానికి అక్కర్లేదు. తేదీ, టైము, అంతే.

ఈ మాటే క్లాసులో రెండుసార్లు చెప్పాను. అరవై మంది మొహాలూ గోడల్లా ఉన్నాయి. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. తిరుచానూరు పిల్ల. వాళ్లమ్మ అక్కడే ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది.

"మా అమ్మ చేసేది ఇదే గదా మేడమ్! రిజిస్టరు చూసి, యా రూములో జనం మారినారో ఆ రూము దుప్పట్లే తీస్తాది. మారని రూముల జోలికి పోదు" అంది.

క్లాసంతా నవ్వారు గాని, అందరికీ అర్థమైంది. నేను పుస్తకం చదివి చెప్పలేకపోయినది ఆ పిల్ల దుప్పట్లతో చెప్పేసింది. ఆ తర్వాత ప్రతి బ్యాచికీ నేను ఆ ఉదాహరణే చెప్పాను, నా సొంతమైనట్టు.

చదువులో చురుకు. నాలుగో ఏడు సగంలోనే ఒక కంపెనీ క్యాంపస్‌కు వచ్చి ఆ అమ్మాయిని తీసుకుంది. ఒకటే షరతు: చివరి పరీక్షల్లో ఏదీ తప్పకూడదు. ఆ కాగితం ల్యామినేషన్ చేయించుకుని వచ్చి మొదట నాకే చూపించింది. "మా అమ్మను ఇంక ఆ సోడా నీళ్లలో చేతులు పెట్టనీయను మేడమ్" అంది. అరచేతులు ఎలా పగులుతాయో కూడా చెప్పింది.

ఇక మా ల్యాబు గురించి. ముప్పై ఆరు సిస్టమ్‌లు. ప్రతి కంప్యూటర్ లోపలా నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడపడానికి. మా వాటిలో సగానికి పైగా బ్యాటరీలు చచ్చిపోయాయి. కరెంటు పోయి వస్తే చాలు, ఆ సిస్టమ్‌లు పదేళ్లు వెనక్కిపోయి ఏదో జనవరి ఒకటో తేదీన లేచి కూర్చునేవి. కొత్త బ్యాటరీలు కావాలని మూడుసార్లు రాసిచ్చాను. మూడు కాగితాలూ ఎక్కడికి పోయాయో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. రోజూ పొద్దున్నే ఫోను చేతిలో పట్టుకుని ఒక్కో సిస్టమ్‌కూ టైము సరిచేసుకుంటూ పోవడం నా నిత్యపూజ అయిపోయింది.

గడియారం వెనక్కిపోతే మేక్ ఊరుకోదు. "ఈ ఫైలు తేదీ ఇంకా రాని కాలంలో ఉంది, గడియారం తేడాగా ఉంది" అని ఒక హెచ్చరిక ఇస్తుంది. మా ల్యాబులో అది రోజూ వచ్చేది. పిల్లలు భయపడి నన్ను పిలిచేవాళ్లు. ముప్పై ఆరు చోట్లకు పరిగెత్తలేక ఒక రోజు విసుగొచ్చి, "ఆ లైను పట్టించుకోవాకండి. ఎర్రర్ వస్తేనే పిలవండి" అని చెప్పేశాను. బోర్డు మీద కూడా రాశాను. మంచి పిల్లలు, చెప్పిన మాట విన్నారు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు వేరే ఊరి నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చాడు. తిరుపతి కాలేజీలకు ఎక్స్‌టర్నల్‌గా రమ్మంటే కాదనేవాళ్లుండరు. పరీక్ష పరీక్షే, దర్శనం దర్శనమే. ఆయనకు ఆ సాయంత్రమే దర్శనం స్లాటు ఉంది. కొండ మీదికి బస్సెన్నింటికని వచ్చినప్పటి నుంచి నాలుగుసార్లు అడిగాడు. ఇడ్లీ తింటుండగా మా హెచ్‌ఓడీ, "ప్రతి ఏడూ అందురూ పాసే అంటే బాగుండదు సార్. ఒకరిద్దరిని పట్టుకోండి, మనకూ మర్యాదగా ఉంటాది" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "ఈ పొద్దు నువ్వు నోరెత్తాకమ్మా. సిస్టమ్‌లు బాగలేవని ఆయప్ప చెవిన పడిందంటే కాలేజీ పరువు పోతాది. జూన్‌లో నీ సంగతి నేను చూసుకుంటా గదా."

ఆ అమ్మాయికి పదిహేడో సిస్టమ్ వచ్చింది, బ్యాటరీ చచ్చినదే. పేర్ల జాబితాను వరసలో పెట్టే ప్రోగ్రాం. పది గంటలకు మేక్ కొట్టి నడిపింది. అన్నీ వచ్చాయి, చివరి పేరు తప్ప. తప్పెక్కడుందో వెతుకుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ రెండు కూతలు కూసి పడుకుంది. ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. కాపీ కొడతారని ఆ రోజు ఇంటర్నెట్ తీసేశాం కాబట్టి గడియారం తనంతట తాను సర్దుకునే దారి కూడా లేదు. ఎక్స్‌టర్నల్ కళ్ల ముందు నేను ఫోను పట్టుకుని టైము దిద్దుకుంటూ తిరగలేను.

ఆ అమ్మాయి తప్పు పట్టుకుంది. ఒక్క లైను. దిద్ది సేవ్ చేసింది. ఆ ఫైలు మీద పదేళ్ల కిందటి తేదీ పడింది. మేక్ చూసుకుంది: పొద్దున తయారైన ప్రోగ్రామే కొత్తది, దిద్దిన ఫైలు పాతది. హెచ్చరిక ఇచ్చింది, చేయాల్సిందేమీ లేదని చెప్పింది. హెచ్చరికను పట్టించుకోవద్దని చెప్పినదాన్ని నేను. పాత ప్రోగ్రామే మళ్లీ నడిచింది. చివరి పేరు రాలేదు. పాపం, సరిగ్గా ఉన్న లైనును మార్చింది, మళ్లీ అదే పెట్టింది, గంట సేపు అలా తన్నుకులాడింది. చెమటకు చున్నీ మెడకు అంటుకుపోయింది.

నేను వెనకే నిలబడి అంతా చూస్తున్నాను. తయారైన ప్రోగ్రాం చెరిపేసి మళ్లీ మేక్ కొడితే అయిపోయేది. "చెరిపి కొట్టు" అని రెండు మాటలు. నా నోట్లోనే ఉన్నాయి.

ఎక్స్‌టర్నల్ వచ్చి నిలబడ్డాడు. "సార్, నేను సరిగానే దిద్దినాను. సిస్టమే తీసుకోవడం లేదు" అంది ఆ అమ్మాయి.

ఆయన వాచీ చూసుకున్నాడు. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదంట" అని, చుట్టూ చూశాడు. ల్యాబంతా గొల్లున నవ్వింది. ఆయన చూపు నా మీద ఆగింది. ఆయన పక్కనే హెచ్‌ఓడీ ఉన్నాడు.

నేను నవ్వాను.

ఆ అమ్మాయిని ఫెయిల్ చేసి, మూడింటికి ఆయన కొండెక్కాడు. ల్యాబు ఖాళీ అయ్యాక నేను పదిహేడో సిస్టమ్ దగ్గర కూర్చుని పాత ప్రోగ్రాం చెరిపి మేక్ కొట్టాను. పేర్లన్నీ వచ్చాయి, చివరిదాంతో సహా. తర్వాత సిస్టమ్ ఆపేసి, పరిగెత్తుకుంటూ పోయి హెచ్‌ఓడీకి చెప్పాను. "మార్కులు పైకి పంపించేసినామమ్మా. ఇప్పుడు రచ్చ ఎందుకు? సప్లిమెంటరీ ఉండనే ఉండాది గదా" అన్నాడు. సరేనన్నాను. సప్లిమెంటరీలో ఆ అమ్మాయి పాసయ్యేసరికి కంపెనీ గడువు దాటిపోయింది. పరీక్షలైన మరుసటి నెల తనిఖీ వాళ్లు వస్తున్నారని ముప్పై ఆరు సిస్టమ్‌లకూ కొత్త బ్యాటరీలు వేయించారు. జూన్‌లో నా సంగతి ఎవరూ చూసుకోలేదు. చూసుకుని ఉంటే ఇంతకంటే నీచంగా ఉండేదేమో.

నాలుగేళ్ల తర్వాత, మొన్న, మా చెల్లెలి అత్తగారివాళ్లు అమ్మవారి దర్శనానికి వస్తున్నారంటే రూము కోసం తిరుచానూరు పోయాను. లాడ్జి కౌంటర్‌లో ఆ అమ్మాయే ఉంది. "మేడమ్! బాగుండారా?" అని లేచి నిలబడింది. కాఫీ తెప్పించింది. వాళ్లమ్మ ఇంకా అక్కడే ఉతుకుతోందట. కంప్యూటర్ ముట్టుకుంటావా అని అడిగాను.

"లేదు మేడమ్. ఇదిగో, ఈ రిజిస్టరే. నాకు అంత బుర్ర లేదు."

కాఫీ పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. బ్యాటరీ, గడియారం, నేను బోర్డు మీద రాసిన మాట, సాయంత్రం చివరి పేరు రావడం. రూము కోసం నేనిచ్చిన ఆధార్ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడి వింది.

"అంటే నా ప్రోగ్రాం సరిగానే ఉన్నిందా?"

"సరిగానే ఉన్నింది. ఆ పొద్దే చూసినా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండనిపించింది. ఆ అమ్మాయి రిజిస్టరు నా వైపు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టింది.

"ఆ సారు అన్నందుకు నేను ఏడవలేదు మేడమ్. ఆయప్పకు నేనెవురో ఏం తెలుసు? సిస్టమ్‌ల సంగతి మా మేడమ్‌కు తెలుసు గదా, సిస్టమ్‌ది తప్పయితే చెప్తాది అని మీ వైపు చూసినా. మీరు నవ్వినారు. ఇంక తప్పు నాదే అనుకున్నా."