మంచులో కుర్చీ

హలీనా గోర్స్కీ వంటగది కుర్చీకి నాలుగు కాళ్లూ తిన్నగానే ఉన్నాయి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నగరం వాళ్ల నివేదికలో అది ‘వీధిలో పారేసిన విరిగిన సామాను’ కింద ఎక్కింది.

షికాగోలో మంచు పడితే కారు నిలిపే చోటు ఎవరికి వాళ్లే పారతో తవ్వుకుంటారు. తవ్విన చోటు తమదేనని గుర్తుగా ఓ పాత కుర్చీయో ఇస్త్రీ బల్లో పెట్టి పనికి పోతారు. దాన్ని కదిపే ధైర్యం పోలీసుకైనా ఉండదు. హలీనాకు డెబ్బై ఒకటి, మోకాళ్లు రెండూ పోయాయి. అయినా పార నా చేతికివ్వదు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఇంటి పైవాటాలో అద్దెకుంటున్నాను, ఒక్కసారీ ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో నగరం వాళ్లు పెట్టుకున్న సలహా కంపెనీ మనిషి ఒకడు వచ్చి, కారు దిగకుండానే వీధంతా ఫొటోలు తీసుకుపోయాడు. మంచు ఎరగని ఊరివాడు కాబోలు. పదకొండు కుర్చీలు, రెండు ఇస్త్రీ బల్లలు లెక్కపెట్టి, మాది ‘పాడుబడ్డ ప్రాంతం’ అని తేల్చాడు.

ఆ ముద్ర పడితే, బాగుచేసే పేరుతో ఇరవై మూడేళ్లపాటు మా పేటలో ఇంటి పన్ను ఎంత పెరిగినా, పెరిగినదంతా నది ఒడ్డున రాబోయే హోటల్ మేడకే. బడికి పాత వాటాయే గతి. హలీనా ముప్ఫై ఏళ్లు వండి పెట్టిన బడి అది. పునాది తియ్యని మేడకు, ఇంకా కట్టని పన్ను! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

దీని మీద జనం మాట వినడానికి చర్చి హాల్లో విచారణ పెట్టారు. హలీనా కుర్చీని బస్సులో మోసుకొచ్చింది. వేదిక మీదున్న మా వార్డు సభ్యుడు టెరెన్స్ చిన్నప్పుడు ఆవిడ చేతి తిండి తిన్నవాడే.

“ఒరే టెరీ, ఇదేంట్రా?”

“కుర్చీ అండీ.”

“చెత్తట! మీ అమ్మ ఏటా ఇస్త్రీ బల్ల పెట్టేది కదరా, అదీ చెత్తేనా?”

హాలంతా గొల్లుమంది. వేదిక పక్కన కూర్చున్న సలహా కంపెనీ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. “పొరపాటు జరిగిందండీ, సరిచేస్తాం” అన్నాడు.

ఆవిడ ఆగితేగా! “మేం ముందు తవ్వుతాం, తర్వాత కుర్చీ పెడతాం. మీ మేడవాడు పారైనా పట్టకుండా ఇరవై మూడేళ్ల పన్ను మీద కుర్చీ వేసేశాడు. అవతల బడి కప్పు కారుతోంది. వంటగదిలో నాలుగు బకెట్లు పెట్టుకుని పిల్లలకి వండుతున్నారు. ఆ డబ్బు రాకపోతే కప్పెలా వేస్తార్రా?”

“గోర్స్కీ గారూ, ఆ మేడే రాకపోతే పన్ను పెరగనే పెరగదండీ” అన్నాడు టెరెన్స్.

“పోయిన మూడేళ్లూ పెరిగింది నా ఇంటి పన్ను కాదా? మీ తాతదా?”

టెరెన్స్ ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. సలహా కంపెనీ మనిషి మాత్రం తల వంచుకుని గబగబా రాసుకుంటున్నాడు. అది చూసి నేను పొంగిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. తిరుగు బస్సులో ఆవిడ మొదటిసారి కుర్చీ నా చేతికిచ్చింది.

ఆరు వారాలకు నగర సభలో ఆ ముద్ర వేసే తీర్మానం నెగ్గింది. దానితో పాటే సవరించిన నివేదిక ఇంటికొచ్చింది. కుర్చీల మాట కొట్టేశారు, నిజమే. ఆ స్థానంలో కొత్త వాక్యం వచ్చింది: ‘పాఠశాల కప్పు కారుతున్నది. వంటగదిలో నాలుగు బకెట్లు ఉన్నట్లు స్థానికురాలి వాంగ్మూలం. ప్రాంతం పాడుబడినదనుటకు ఇది నిదర్శనం.’

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. హలీనా మాత్రం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“నాలుగు అన్నాను, నాలుగే రాశారు” అంది. “ఈసారి పొరపాటు జరగలేదు.”