వీరభద్రం మేస్త్రీ చూసిన ఉమ్మడి గోడ

వీరభద్రం రాజమండ్రిలో నలభై ఏళ్లు తాపీ పట్టిన మేస్త్రీ. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని జెర్సీ సిటీకి వచ్చాడు. కూతురు విద్య, అల్లుడు ఫణికుమార్ అక్కడ నూట ముప్పై ఏళ్ల నాటి ఎర్ర ఇటుకల ఇల్లు కొన్నారు. మూడంతస్తులు. వీధి పొడవునా అలాంటివే, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని ఉన్నాయి.

కారు దిగగానే ముందు గోడను తడిమి చూశాడు. ఇటుకల మధ్య సందు గోరు మందం కూడా లేదు. కిటికీల మీద గోధుమరంగు రాతి దూలాలు, పైన చూరు అంచున పూలు దిద్దిన రేకు.

"మంచి పనోడు కట్టాడమ్మా," అన్నాడు.

తర్వాత ఎడమ పక్కకు వెళ్లాడు. అక్కడి ఇంటిని చలికాలంలోనే కూల్చేశారు. కొత్త అపార్ట్‌మెంట్ల కోసం ప్రొక్లెయినర్ పునాది గొయ్యి తవ్వుతోంది. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న గోడ ఇప్పుడు బయటపడింది. అందులో వాడింది సరిగా కాలని మెత్తటి ఇటుక. అది వానకు తడవాల్సిన గోడ కాదు. వేలితో గీకితే సున్నం పిండిలా రాలింది. పైన నక్షత్రాల్లాంటి ఇనుప బిళ్లలు రెండు. గోడ బయటికి ఒరగకుండా లోపలి దూలాలకు బిగించిన కడ్డీల చివరలవి. ఒక బిళ్ల చుట్టూ ఇటుకలు నలిగిపోయి ఉన్నాయి.

భోజనాల దగ్గర వీరభద్రం, "ఆ గొయ్యి ఇంకా లోతుకు పోనివ్వకండి బాబూ. గోడ ఒరుగుతోంది," అన్నాడు.

ఫణికుమార్ నవ్వాడు. "ఇన్‌స్పెక్షన్ చేయించే కొన్నాం మామయ్యగారూ. ఆ గొయ్యి తవ్వే బిల్డర్ ఇంజనీర్ కూడా సైన్ చేశాడు. ఇక్కడ అన్నీ రూల్స్ ప్రకారమే చేస్తారు."

పై అంతస్తులో జాహ్నవి అద్దెకుండేది. వరంగల్ అమ్మాయి, ఎమ్మెస్ స్టూడెంట్. మర్నాడు మెట్ల మీద ఎదురై, "అంకుల్, నా రూమ్ డోర్ రెండ్రోజుల సంది సరిగ్గ క్లోజ్ అయితలేదు," అంది.

వీరభద్రం మెట్ల పక్క గోడంతా వెతికాడు. వెంట్రుకంత బీట దొరికింది. జాహ్నవి కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చిచ్చిన పల్చటి గాజుపలకను దానికి అడ్డంగా అతికించాడు.

"గోడ కదిలితే ఇది పగుల్తుంది. పగలకపోతే నాదే తప్పు."

రెండో రోజుకు పగిలింది. ఇంకొకటి అతికిస్తే ఒక్క రోజులో పగిలింది. ఫణికుమార్ ఈసారి నవ్వలేదు. బిల్డర్‌కి మెయిల్ పెట్టాడు. సోమవారం వచ్చి చూస్తామన్నారు. శుక్రవారమంతా వాన కురిసింది.

శనివారం పొద్దున వీరభద్రం మెట్ల మీద ఉండగా మూడో గాజుపలక ఆయన కళ్లముందే చిట్లింది. గోడ లోపల ఇసుక జారుతున్న చప్పుడు. అదే క్షణంలో పైనుంచి జాహ్నవి అరిచింది.

"అంకుల్! డోర్ ఓపెన్ అయితలేదు!"

"అమ్మాయ్, నువ్వు వీధిలోకి నడు!" అని విద్యను కేకేసి వీరభద్రం పైకి పరుగెత్తాడు. వెనకే ఫణికుమార్. తలుపు పైచట్రం ఒక మూల కిందికి దిగిపోయి ఉంది. ఇద్దరూ కలిసి నాలుగుసార్లు తన్నితే గానీ తలుపు ఊడలేదు. జాహ్నవి వట్టి కాళ్లతో బయటపడింది.

911కి కాల్ చేస్తే ఫైర్ వాళ్లు వచ్చి వీధి మూసేశారు. గంట తర్వాత ఉమ్మడి గోడ గొయ్యిలోకి కూలింది. అంతస్తులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. జాహ్నవి పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఆ ఇటుకల కిందే పోయాయి. ముందు గోడ మాత్రం వెనక ఏమీ లేకుండా మూడు రోజులు అలాగే నిలబడింది. తర్వాత దాన్నీ కూల్చేశారు.

హోటల్ గదిలో విద్య అడిగింది. "అంత గట్టిగా ఎలా నమ్మావు నాన్నా?"

"నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఇలాంటి గోడే చూశాను. మేస్త్రీకి ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. అది కూలి ఇద్దరు పోయారమ్మా. మాతో ఇటుకలు మోసే నూకాలమ్మ, ఆవిడ మొగుడు."

ఆ మాట ఆయన అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తండ్రీకూతుళ్లు కుడి పక్క ఇంటికి వెళ్లారు. ఇప్పుడు వాళ్ల గోడే వానకు బయటపడి ఉంది. విద్య ఇంగ్లీషులో చెబుతుంటే ఆ ఇంటి పెద్దాయన కదలకుండా విన్నాడు. ఆ సాయంత్రమే భార్యను తీసుకుని ఇల్లు వదిలాడు. వారంలో ఆ గోడకు దుంగలు ఊతం పెట్టారు.

వీరభద్రం జూన్‌లో రాజమండ్రి వెళ్లిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆ గోడ సంగతే అడిగేవాడు.